హైమవతి కడిగిన కుండీ

విశ్వంభరయ్యగారు పొద్దున్నే పూజగదికి వెళ్లేముందు మురుగు కుండీల దగ్గరికి వెళ్లేవారు. ఆశ్రమంలో వంటింటి నీళ్లు, స్నానాల నీళ్లు, మరుగుదొడ్ల నీళ్లు అన్నీ అక్కడికే చేరతాయి. మొదటి కుండీలో మడ్డి అడుక్కి దిగుతుంది. రెండో దానిలో గొట్టాలతో రాత్రింబవళ్లు గాలి కొడతారు. ఆ పైన నీళ్లు తేరుకుని, ఇసుకలో వడకట్టుకుని, పక్కనే పారే గెడ్డలో కలుస్తాయి. ఆయన రెండో కుండీ మీదికి వంగి, ఆ మట్టిరంగు నీళ్లను వాసన చూసి తృప్తిగా తలాడించేవారు. గురువుగారికి దేవుడికంటే ముందు ఈ దర్శనమేమిటని శిష్యులు చాటుగా నవ్వుకునేవారు.

వాళ్లలో హైమవతికి మాత్రం నవ్వొచ్చేది కాదు. గిన్నె నాలుగుసార్లు తోమితేగానీ తృప్తిపడని మనిషి ఆవిడ. ఒకనాడు ఆయన్ని అడిగింది: "మా తోడికోడలి మీద పదేళ్ల కసి నాలో కుళ్లుతోందండీ. ఆ కసి ఒక్క దెబ్బతో చచ్చేలా ఏదైనా మంత్రం ఉపదేశించండి."

"రేపటినుంచి కుండీలు నువ్వు చూసుకో అమ్మా," అన్నారాయన, అంతే.

గురుపూర్ణిమకి జనం వస్తారు. ఆ బురద వాళ్ల కంటపడితే ఆశ్రమం పరువేం కావాలి? హైమవతి బస్తాడు బ్లీచింగ్ పౌడర్ తెచ్చి రెండో కుండీలో గుమ్మరించింది. మర్నాటికి బురద రంగు విరిగింది, మట్టి వాసన పోయింది. ఆవిడ మురిసిపోయింది.

మూడోనాడు పొద్దున్న చూస్తే కుండీ నిండా బూడిదరంగు నీళ్లు, ముక్కు పగిలే కంపు. అవి అలాగే గెడ్డలోకి పోతున్నాయి. ఆవిడ పై ప్రాణాలు పైనే పోయాయి. తూము పలక దించేసి గెడ్డ వెంట దిగువకి పరిగెత్తింది. పదిళ్ల వలస దగ్గర ఒక తల్లి పసిబిడ్డను కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోస్తోంది.

"ఆ నీళ్లు ముట్టుకోకమ్మా!"

"ఏటైనాదమ్మా? పొద్దున్న తాగడానికీ ఇవే అట్టుకెళ్లినాను," అంది ఆ తల్లి, బిడ్డను గుండెకి హత్తుకుంటూ.

సాయంత్రానికి బిడ్డకి వాంతులు పట్టుకున్నాయి. హైమవతి మూడు రోజులు ఆస్పత్రి వరండాలోంచి కదల్లేదు. లోపలి నుంచి ఏడుపు వినిపిస్తే భయం, వినిపించకపోతే అంతకంటే భయం. నాలుగోనాడు బిడ్డ పాలు తాగింది.

ఆవిడ తిరిగొచ్చేసరికి విశ్వంభరయ్యగారు పట్నంలోని మురుగు శుద్ధి కేంద్రాన్ని అడిగి, ఒక డబ్బాడు మట్టిరంగు బురద తెచ్చి పెట్టారు.

"కంటికి ఆనని జీవాలమ్మా ఇవి. మురికిని తినేది ఇవే. నీ పౌడర్‌కి చచ్చిందీ ఇవే. రెండో కుండీలో పొయ్యి. మళ్లీ పెరగడానికి నెల పడుతుంది."

హైమవతి డబ్బా వంచి పోసింది. మంత్రం సంగతి మళ్లీ ఎత్తలేదు. ఆయనే అన్నారు:

"కసిని చంపే మంత్రం నాకూ తెలుసమ్మా. ఆ తర్వాత నీలోంచి ఏం పారుతుందో, దిగువన ఎవరుంటారో, అదే నా భయం."