జల్లెడ మింగిన ఊఁ

గోరింక సీతాలు నోటికి మూతంటూ ఉండదు. చెరకు తోట పక్క పాకలో, గేదె నల్లమ్మ వీపెక్కి పొద్దున్నే కథ మొదలుపెట్టిందంటే పక్క తోటల పిట్టలు కూడా మేత మరిచిపోయి వినేవి. నల్లమ్మ పనల్లా నెమరేస్తూ "ఊఁ" కొట్టడమే.

గడ్డివాములో పాత ఫోనొకటి దొరికాక సీతాలు ఏకంగా పాడ్‌కాస్టే పెట్టేసింది. ఆ ఫోన్లో 'గంప' అనే యాప్ ఉంది. ఉచితం. పలికిందల్లా గంపలో పడుతుంది. అక్కర్లేనిది మాత్రం మనమే కూర్చుని ఏరుకోవాలి. ఏరి ఏరి సీతాలు ముక్కు నొప్పెట్టింది.

సరిగ్గా అప్పుడే నక్క పానకాలు దిగాడు.

"ఇంకా ఆ గంపతోనే వేలాడుతున్నావా చెల్లెమ్మా? నా 'జల్లెడ' చూడు! రికార్డు చేస్తూనే తాలు తీసి పారేస్తుంది. దగ్గులు, నసుగుళ్లు, ఊఁలు, ఆఁలు... అన్నీ మాయం!"

"అమ్మో! ఎంతేమిటి అన్నయ్యా?"

"నీ దగ్గర లాభం చూసుకుంటానా? మొదటి నెల ఉచితం. ఆ తర్వాత నెలకో గుడ్డు. ఇస్తావా మరి?"

సీతాలు కళ్లు జల్లెడలో మెరిసే రంగుల గీతల మీదే ఉన్నాయి. "ఊఁ" అనేసింది.

"అయితే ఖాయం!" అన్నాడు పానకాలు. ఆ బేరమంతా మాటల్లో ఉండగానే తన ఫోన్లో రికార్డు చేసేసుకున్నాడు. తోక ఊపుకుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు సీతాలు కొత్త కథ జల్లెడ పట్టి వినిపించింది. సగంలోనే పిట్టలు ఆవలించాయి.

"ఏమిటే, గోడతో మాట్లాడుతున్నట్టుంది! నల్లమ్మ ఊళ్లో లేదా?" అంది కాకి.

సీతాలు మళ్లీ విని చూసుకుంది. నల్లమ్మ ఊఁ ఒక్కటంటే ఒక్కటి లేదు.

"నెమరు మానుకుని మరీ కొట్టానే చెల్లీ! నన్ను తాలు కింద జమకట్టిందా నీ యంత్రం?" అంది నల్లమ్మ. దాని కళ్లు చెమర్చాయి.

"నా మతి మండిపోనూ! నువ్వు లేనిదే నాకు కథేమిటక్కా!" అంటూ సీతాలు అప్పటికప్పుడు జల్లెడ పీకేసింది. మళ్లీ గంపే దిక్కయింది.

నెల తిరిగేసరికి సీతాలు గూట్లో మూడు నీలి గుడ్లు. పానకాలు లొట్టలేసుకుంటూ వచ్చాడు.

"ఏదమ్మా నా గుడ్డు?"

"నీ జల్లెడ ఒక్కరోజుకే తీసేశానన్నయ్యా!"

"తీసేస్తే నాకేం? నెలకో గుడ్డన్నాను, ఒప్పుకున్నావు. మాటంటే మాటే!"

సీతాలు గబుక్కున గూట్లోకి దూరింది. గుడ్ల మీద రెక్కలు పరిచి కూర్చుంది. నల్లమ్మ మాత్రం తాపీగా నెమరు మింగింది.

"ఒప్పుకున్నట్టు రుజువుందా పానకాలూ?"

"లేకేం! రికార్డు చేశాను."

"దేంట్లో? గంపలోనా?"

"ఛీ, ఆ చెత్తలోనా? నా జల్లెడ ఉండగా!"

"అయితే నలుగుర్నీ పిలుస్తానుండు, వినిపిద్దువుగాని," అంటూ నల్లమ్మ ఒక్క అరుపు అరిచింది. కాకులు, కోళ్లు, మేకలు అన్నీ పోగయ్యాయి. పానకాలు దర్జాగా ఫోను నొక్కాడు.

"ఆ తర్వాత నెలకో గుడ్డు. ఇస్తావా మరి?... అయితే ఖాయం!"

"అడిగిందీ నువ్వే, ఖాయం చేసుకుందీ నువ్వే. మధ్యలో సీతాలు ఏమంది?" అంది కాకి.

పానకాలు మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే.

"ఊఁ అంది! నా చెవులారా విన్నాను, ఊఁ అంది!" అని గంతులేశాడు.

"తాలనుకుని తీసేసి ఉంటుందిలే నాయనా," అంది నల్లమ్మ.

పాకంతా ఘొల్లుమంది. పానకాలు మొహం మాడ్చుకుని చెరకు తోటలో పడి ఒకటే పరుగు.

సీతాలు ఎగిరి నల్లమ్మ వీపెక్కి గంప తెరిచింది. "అనగనగా ఒక నక్క..."

"ఊఁ!" అంది నల్లమ్మ, ఎన్నడూ లేనంత గట్టిగా.

గింజేదో తాలేదో తెలియని జల్లెడ, పట్టినవాడి నోట్లోనే మన్ను కొడుతుంది.