ఓబులమ్మకు అందని మాట

మన తాతల తాతలు ఇంకా ఉయ్యాలల్లో ఉన్న కాలంలో, ఒకానొక ఏటి ఒడ్డున నేతవరం అనే ఊరు ఉండేది. ఏ వీధిలోకి వెళ్ళినా మగ్గాల చప్పుడే వినబడేది. ఆ ఊరికి ఒక్కడే వైద్యుడు. పేరు వామనభట్టు.

వామనభట్టు దేశాంతరం పోయి, గురువు దగ్గర పన్నెండేళ్ళు చదువుకుని వచ్చాడు. హస్తవాసి మంచిది. నాడి పట్టుకుంటే రోగం ఇట్టే తెలిసేది. కానీ అతని మనసులో ఒక దిగులు ఉండేది. ఇన్నేళ్ళ చదువు ఈ నేతగాళ్ళకూ రైతులకూ కనబడేదెలా? మందులో చదువు కనబడదు. మాటలో కనబడుతుంది.

అందుకని మాటతీరు మార్చాడు. తలనొప్పిని శిరోవేదన అన్నాడు. కడుపునొప్పిని ఉదరశూల అన్నాడు. చివరికి నీళ్ళను కూడా నీళ్ళనలేదు, ఉదకమన్నాడు.

"భట్టుగారి మాట ఒక్కటీ మనకు అర్థం కాదు. ఎంత చదివాడో మహానుభావుడు" అని జనం చెప్పుకున్నారు. ఆ సంగతి చెవిన పడిన పూట వామనభట్టు ఒక ముద్ద ఎక్కువే తిన్నాడు.

ఒకనాడు పుల్లప్ప అనే రైతు అజీర్తితో వచ్చాడు.

"దినత్రయం లంఘనం ఆచరింపుము" అన్నాడు వామనభట్టు. మూడు రోజులు పస్తుండమని దాని అర్థం.

పుల్లప్పకు లంఘనం అంటే ఒకటే తెలుసు. హనుమంతుడు సముద్రాన్ని లంఘించిన కథ విన్నాడు. ఇంటికి పోయి కడుపునిండా తిని, మూడు రోజులూ పొలం గట్లు ఎగిరి దూకాడు. మూడో రోజు కాలువలో పడి మడమ బెణికింది. ఊరంతా నవ్వింది. వామనభట్టు కూడా నవ్వాడు.

కొన్నాళ్ళకు కుమ్మరి కదిరమ్మ తన మొగుడి ఉబ్బసం గురించి అడగడానికి వచ్చింది.

"నీ భర్తకు దధి వర్జ్యం" అన్నాడు వామనభట్టు. పెరుగు మానెయ్యాలని దాని అర్థం.

దధి అంటే పెరుగని ఎవరో చెప్పారు. వర్జ్యం ఆమెకు తెలిసిన మాటే, పంచాంగంలో ఉండేది. రోజూ పురోహితుణ్ణి అడిగి, సరిగ్గా వర్జ్యం వేళకు మొగుడికి గిన్నెడు పెరుగు పోసింది. రెండు నెలలు అతను మంచం దిగలేదు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. సంగతి తెలిసినప్పుడు వామనభట్టుకు లోపల ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయింది. 'చెప్పడం నా పని. వినడం చేతకాకపోతే నేనేం చేసేది' అనుకుని ఆ ముల్లును పక్కకు నెట్టేశాడు.

ఆ ఏడు ముసురు పట్టి పన్నెండు రోజులు వదల్లేదు. నేతగత్తె ఓబులమ్మ కూతురికి జలుబు చేసి ఛాతీలోకి దిగింది. పిల్ల పేరు సుంకులు. ఏడేళ్ళది. తల్లి భుజం మీద తల వాల్చి పిల్లికూతలుగా ఊపిరి తీస్తూ వచ్చింది. వామనభట్టు అరుగు మీద అప్పటికే పదిమంది ఉన్నారు.

అతను ఛాతీకి చెవి ఆనించి విన్నాడు. రోగం తెలిసింది, మందూ తెలుసు. రెండు బుడ్లు తెచ్చి ఇచ్చాడు. ఒకదానిలో కషాయం. రెండోదానిలో ఘాటైన మూలికలు కాచిన నూనె. ఆ నూనె ఛాతీకి రుద్దితే కఫం కరుగుతుంది. కడుపులోకి పోతే ప్రాణం తీస్తుంది.

"ఈ కషాయం పేయం. ఈ తైలం ఉరస్సున లేపనీయం. దీని అంతఃసేవనం సర్వథా నిషిద్ధం" అన్నాడు. కషాయం తాగించాలి, నూనె ఛాతీకి పూయాలి, నూనెను లోపలికి అసలు ఇవ్వకూడదని దాని అర్థం.

"సామీ, ఇంకొక్కసారి చెప్పండి" అంది ఓబులమ్మ మెల్లగా.

వామనభట్టు అరుగు మీది జనం వైపు చూసి చిరునవ్వు నవ్వాడు. "బుద్ధిమంతులకు సకృదుక్తి చాలును" అన్నాడు. తెలివైనవాళ్ళకు ఒక్కసారి చెబితే చాలునని దాని అర్థం.

జనమూ నవ్వారు. ఆ మాట కూడా వాళ్ళలో ఎవరికీ అర్థం కాలేదు. ఓబులమ్మ తలదించుకుని, రెండు బుడ్లూ కొంగున కట్టుకుని, బిడ్డను ఎత్తుకుని వెళ్ళిపోయింది.

దారి పొడుగునా ఆ మాటలనే నెమరు వేసుకుంది. అన్నిటిలో ఆమెకు తెలిసినట్టు తోచినవి రెండే. సేవనం అంటే సేవించడం, మందు మింగడం. పేయం అన్నది పూయడమే అయి ఉంటుంది. ఇంటికి పోయి కషాయాన్ని బిడ్డ ఛాతీకి పూసింది. నూనెను మూడు చెంచాలు, బుజ్జగించి బుజ్జగించి తాగించింది.

దీపాలు పెట్టే వేళకు వామనభట్టుకు కబురు వచ్చింది. వానలో తడుస్తూ పరుగెత్తాడు. అతను గడప దాటేసరికే సుంకులు ఊపిరి ఆగిపోయింది. ఛాతీ మీద కషాయం గోధుమరంగు మరకై ఆరిపోయి ఉంది. పెదవుల మీద నూనె మెరుస్తోంది.

"మీరు చెప్పినట్టే చేశాను సామీ. ఒక్క చుక్క కూడా ఒలకనివ్వలేదు" అంది ఓబులమ్మ.

వామనభట్టు వంగి, పిల్ల పెదవుల మీది నూనెను తుడిచాడు.

మూడోనాడు ఊరిపెద్ద తిమ్మారెడ్డి అందరినీ కూర్చోబెట్టాడు. ఆ రోజు అరుగు మీద ఉన్నవాళ్ళను అడిగాడు.

"భట్టుగారు చక్కగా చెప్పారు. నిషిద్ధం అని కూడా అన్నారు" అన్నారు వాళ్ళు.

"అయితే తప్పు తల్లిదే" అన్నాడు తిమ్మారెడ్డి.

ఓబులమ్మ కాదనలేదు. "నాకు తెలివి లేకపోయింది. నా బిడ్డను నేనే చంపుకున్నాను" అని నేల మీద కూలబడింది. ఆమె మొగుడు మొహం తిప్పుకున్నాడు.

వామనభట్టు ఊరకుంటే ఆ మాట అక్కడితో ఆగిపోయేది. ఊరంతా అతని పక్షమే. కానీ ఆమె మాట అతనికి భరించరానిదైంది. లేచి నిలబడ్డాడు.

"తప్పు ఆమెది కాదు, నాది. ఇది తాగించు, ఇది ఛాతీకి రుద్దు, తాగితే చచ్చిపోతుంది అని చెప్పి ఉంటే పిల్ల బతికేది. ఆమె మళ్ళీ చెప్పమని అడిగింది కూడా. నేను నవ్వాను. ఆమె కోసం కాదు, మీరందరూ నన్ను మెచ్చుకోవాలని అలా మాట్లాడాను."

ఓబులమ్మ తలెత్తి అతని వైపు చూసింది.

"ఈ మాటలు మీకు వచ్చు కదా సామీ. ఆ రోజే అని ఉంటే నా బిడ్డ నాకు దక్కేది" అంది.

ఆమె తిట్టలేదు, శపించలేదు. మొగుడు వచ్చి చెయ్యి పట్టుకుని లేపితే, లేచి ఇంటికి పోయింది. ఆ తర్వాత ఆమె మళ్ళీ ఎన్నడూ వామనభట్టు వీధిలోకి రాలేదు.

వామనభట్టు వైద్యం మానలేదు. మందు ఇచ్చాక, "నేనేం చెప్పానో నువ్వు చెప్పు" అని అడిగేవాడు. వాళ్ళు సరిగ్గా చెప్పేదాకా వదిలేవాడు కాదు. కొందరు "భట్టుగారు చదువు మరిచిపోయారు, మనలాగే మాట్లాడుతున్నారు" అని పెదవి విరిచి పొరుగూరి వైద్యుడి దగ్గరకు పోయారు. అతను బాధపడలేదు. ఛాతీ జబ్బుతో ఎవరైనా పసిబిడ్డను తెస్తే మాత్రం, అతని కళ్ళు తడిసేవి. వాటిని తుడుచుకుని, మెల్లగా ఒక్కో మాటా చెప్పేవాడు.

తెలివి గొప్ప గొప్ప మాటలు పలకడంలో లేదు, వినేవాళ్ళకు అందేటట్టు చెప్పడంలో ఉంది.