చేట అడుగున మాట

వెనకటికి ఒక రాజుగారి కొలువులో ఉగాదికి ఒక ఆట ఆడేవారు. అక్షరాలు రాసిన తాటాకు ముక్కల్ని చేటలో పోసి కలిపేవారు. వాటిలోంచి ఎవరు ఏ చిన్న మాట కూర్చినా ఆస్థాన పండితుడు గుండమయ్య అర్థం చెప్పేవాడు. తెలియదనే మాట ఆయన నోట ఏనాడూ రాలేదు. "ఓడితే, గెలిచినవాళ్ళు ఏ పని చెబితే అది చేస్తాను" అని శాలువా సవరించుకునేవాడు.

ఆ ఏడు కొత్త చేట ఇవ్వడానికి వచ్చిన మేదర సుంకులమ్మ, "నేనూ ఒకటి కూర్చనా, దొరా?" అంది. ఆమెకు తెలిసినవే మూడు అక్షరాలు. వాటిని ఏరి పేర్చింది: లుటుకి.

గుండమయ్య రెప్ప కూడా వేయలేదు. "ఆడ ఏనుగు. పాత నిఘంటువులో ఉంది."

"అది మా ఆయన నాకు పెట్టిన ముద్దుపేరు, సామీ. అల్లిన ప్రతి చేట అడుగునా కాల్చి రాసేవాడు. మీ చేతిలో ఉన్న పాత చేట తిప్పి చూడండి."

తిప్పితే నిజంగానే ఉంది. రాజు నిఘంటువు తెమ్మన్నాడు. పండితుడు మాట మార్చాడు. "అయితే... అది అర్థం లేని మాట!"

"అర్థం ఉంది సామీ. పిలిచే మనిషే లేడు. ఆరేళ్ళయింది."

ఏ పని చేయించమంటావని రాజు అడిగాడు.

"నేను వాకిలి దాటేలోగా ఆ మాట ఒక్కసారి కేకేస్తే చాలు."

ఆమె వాకిలి దగ్గరికి చేరేసరికి, "లుటుకీ!" అని కేకేశాడు గుండమయ్య.

పిలిచేది ఎవరో తెలిసి కూడా, సుంకులమ్మ మొహం నిండా నవ్వుతో గబుక్కున వెనక్కి తిరిగింది.

ఆ చూపుకి అర్థం చెప్పమని ఎవరూ పండితుణ్ణి అడగలేదు.