బొమ్మలో దూకిన గుర్రం

ఇంగ్లండులో ఒక దొరగారి గుర్రపుశాల. మార్షల్ అనే వేటగుర్రం తెల్లారినా గడ్డి ముట్టకుండా, చిత్రకారుడు గీసి ఎదురుగా గోడకి ఆనించి ఆరబెట్టిన తన బొమ్మకేసే చూస్తోంది.

కిటికీలోంచి నక్క తొంగి చూసింది. రాత్రి ఎవరో, అది లోపల దూరి దాక్కోకుండా, దాని బొరియ నోట్లో మట్టి కూరి వెళ్ళారు. అంటే ఇవాళ వేట. ఒంట్లో మునుపటి సత్తువ లేదు. వేటకుక్కలైతే పొలం చివరి కాలువ దగ్గర వాసన పోగొట్టుకుని ఆగిపోతాయి. ఆ కాలువ దూకి తరుముకొచ్చేది మార్షల్ ఒక్కటే. పోయినసారి నక్క చావు తప్పి బయటపడింది.

"మార్షలన్నా, ఆ బొమ్మలో గుర్రం ఎవరు?"

"కళ్ళు మూసుకుపోయాయా? నేనే!"

"ఊరుకో అన్నా! నువ్వు దూకే తీరు నాకు తెలీదా? కాళ్ళు ముడుచుకుని మూటలా ఎగురుతావు. దాన్ని చూడు, ముందు కాళ్ళు ముందుకీ వెనక కాళ్ళు వెనక్కీ ఎంత బారున చాచిందో!"

మార్షల్‌కి చురుక్కుమంది. "దొరగారు చూసి ఎంత మురిసిపోయారో తెలుసా?"

"అదే నా దిగులు. ఇవాళ నువ్వు ముడుచుకుని దూకితే, ఆ గుర్రం నువ్వు కాదని ఆయనకి తెలిసిపోదూ?"

పక్కనున్న ముసలి బండిగుర్రం గడ్డి నములుతూ, "దాని మాట వినకురా అబ్బాయ్," అంది.

"నువ్వూరుకో తాతా. నీ బొమ్మ ఎవడైనా గీశాడా?" అని కసిరింది మార్షల్.

ఇంతలో వేట బూర మోగింది.

పొద్దెక్కేసరికి నక్క ఎలాగో కాలువ దాటి, అవతలి ఒడ్డున కూలబడింది. ఇక అడుగు వేసే ఓపిక లేదు. కుక్కలు నీళ్ళ దగ్గర ఆగి అటూ ఇటూ వాసన చూస్తున్నాయి. వాటి వెనకే దొరగారిని మోసుకుంటూ మార్షల్ దూసుకొస్తోంది. ఎప్పటిలా వెనక కాళ్ళు కూడదీసుకుని దూకిందా, తన పని అయిపోయినట్టే. నక్క ఆ కాళ్ళకేసే చూసింది.

మార్షల్ కూడదీసుకోలేదు. పరుగులోనే నాలుగు కాళ్ళూ బారున చాచేసింది. ఒక్క క్షణం అచ్చం బొమ్మే! మరుక్షణం అవతలి ఒడ్డుకి రొమ్ము కొట్టుకుని బురదలో పడింది. దొరగారు జీను మీంచి వెనక్కి జారి నీళ్ళలో మునిగారు.

"బొమ్మలో ఉన్నట్టే దూకానే!" అంది మార్షల్ ఏడుపు గొంతుతో.

"బాగానే దూకావన్నా. కానీ బొమ్మలో గుర్రం కిందకి దిగక్కర్లేదుగా," అని నక్క మెల్లగా లేచి పొదల్లోకి వెళ్ళిపోయింది.

నీతి: ఎవరో గీసిన మన బొమ్మని చూసి మురిసిపోవచ్చు గానీ, కాలువ మాత్రం మన కాళ్ళతోనే దూకాలి.