సోబా గిన్నె మీద మూత

ఎంత మర్యాదగా అడిగినా తన సెలవు తనకి దక్కడం లేదు. నీలవేణి ఏడుపల్లా ఇదే.

బొబ్బిలి పిల్ల. ఇంటి దగ్గరుండగా పక్కింటి కోడి పెరట్లో కాలుపెట్టినా ఊరుకునేది కాదు. అలాంటిది జపాన్‌లో, మొరియోకా అనే చలి ఊళ్ళో, వృద్ధాశ్రమంలో ఉద్యోగానికి చేరాక నోరు తెరిస్తే చాలు, అక్కడి మర్యాదకి నడుం వంగిపోయేది. ఎవరికి జలుబు చేసినా, ఎవరింట్లో పెళ్ళయినా వాళ్ళ డ్యూటీ నీలవేణి నెత్తినే. మన పెద్దలు ఊరికే అన్నారా, మొహమాటానికి పోతే కడుపయిందని!

ఈసారి మాత్రం పీకల మీదికే వచ్చింది. డిసెంబరు మొదటి ఆదివారం జపనీస్ పరీక్ష. అది నెగ్గితేనే ఉద్యోగం నిలుస్తుంది. లేకపోతే చలికాలం పోగానే పెట్టె సర్దుకోవడమే. సరిగ్గా ఆ ఆదివారమే ఆమెకి డ్యూటీ వేశాడు, ఆశ్రమంలో డ్యూటీలు వేసే ఓయికావా.

ఆమెకి భాష నేర్పేది ఇవాబుచి అనే పెద్దావిడ. బళ్ళో పాఠాలు చెప్పి రిటైరై, పరదేశాల పిల్లలకి ఇంట్లోనే ఊరికే చదువు చెబుతోంది. అందరూ 'సెన్సే' అంటారు. గురువుగారూ అన్నట్టు.

"ఓయికావా గారిని సెలవు అడిగాను సెన్సే," అంది నీలవేణి.

"ఏమని అడిగావు?"

నీలవేణి గుక్క తిప్పుకుని మొదలెట్టింది. "తమరికి ఇబ్బంది కలిగించడం నాకెంతో బాధాకరమే అయినప్పటికీ, తమకు అభ్యంతరం లేనిపక్షంలో, ఆ ఆదివారం సెలవు పుచ్చుకునే భాగ్యాన్ని నాకు ప్రసాదించగలరేమోనని..."

ఒక్క తప్పు లేదు. కూర్చుని బట్టీ పట్టిన క్రియారూపాలన్నీ పెళ్ళివారిలా వరసగా దిగాయి.

"దానికి ఆయనేమన్నాడు?"

"ఓపిగ్గా విన్నాడు. 'ఇబ్బందైనా ఆదివారం వస్తున్నావు, చాలా థాంక్స్' అని తల వంచి వెళ్ళిపోయాడు."

సెన్సే నవ్వలేదు, జాలిపడనూ లేదు. దాంతో నీలవేణికి ఒళ్ళు మండింది.

"ఇంతకంటే మర్యాదైన రూపం ఇంకోటుంటే చెప్పండి. లేదంటే మీ పుస్తకాలు మీరే ఉంచుకోండి! ఇష్టం లేని పని ఎవరో నాచేత చేయించారని చెప్పడానికి మీ భాషలో ప్రత్యేకంగా ఒక క్రియారూపమే ఉంది. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఏం లాభం?"

"ఆకలేస్తోందా?" అంది సెన్సే.

"నేనేం చెబుతున్నాను, మీరేం అడుగుతున్నారు!"

"కూర్చో."

వంటింట్లో అప్పటికే నీళ్ళు మరుగుతున్నాయి. ఆ ప్రాంతంలో అతిథికి సోబా వడ్డించే తీరు ఒకటుంది. సోబా అంటే సన్నటి నూడుల్స్. చిన్న గిన్నెలో ఒక్క ముద్ద వేస్తారు. అది మింగడం ఆలస్యం, పక్కన నిలబడ్డవాళ్ళు ఇంకో ముద్ద పడేస్తారు. నోటితో చాలంటే చెల్లదు. గిన్నె ఖాళీ చేసి మూత పెడితేనే ఆగుతారు.

"మూత నీ చేతి పక్కనే ఉంది," అని చెప్పి సెన్సే వడ్డన మొదలెట్టింది.

నీలవేణి మొదట ఇష్టంగానే తింది. కడుపు నిండాక గిన్నె కింద పెట్టి, నడుం వంచి, నేర్చుకున్న పద్ధతిలోనే అంది. "తృప్తిగా తిన్నానండి, ఇక తమరు..."

తలెత్తేసరికి గిన్నెలో ముద్ద.

తిండి పారెయ్యకూడదని పెంచారాయె. తినేసింది. మళ్ళీ వంగింది.

"క్షమించండి సెన్సే, నిజంగానే..."

ఇంకో ముద్ద.

"మీకు శ్రమ కలిగిస్తున్నందుకు..."

ఇంకోటి. ముసలావిడే గానీ చెయ్యి మాత్రం మహా చురుకు. మొహంలో ఉలుకూ లేదు పలుకూ లేదు. నీలవేణి వంగినప్పుడల్లా గిన్నె నిండుతోంది.

నీలవేణికి కళ్ళనీళ్ళు తిరిగాయి. మొదట కడుపు బరువుకి, తర్వాత కోపానికి. ఇక్కడ కూడానా! ఈవిడ కూడానా! నోట్లో ముద్ద గుటుక్కున మింగి, మూత అందుకుని, గిన్నె మీద ఠపీమని కొట్టింది.

"వద్దంటే వద్దు!"

తెలుగులో వచ్చేసింది. సెన్సే వేస్తున్న ముద్ద మూత మీద పడింది.

నీలవేణికి గుండె ఝల్లుమంది. ఓలమ్మో, గురువుగారి మీద అరిచేశాను! క్షమాపణ అడిగే అన్నిటికన్నా పెద్ద వాక్యం వెతుక్కుంటూ నడుం వంచబోయింది. సెన్సే భుజం పట్టుకుని ఆపింది.

"ఆ మాట నాకు రాదు," అంది. "అయినా అర్థమైంది."

మూత మీది సోబా తనే తినేసి, గిన్నెలు కడగడానికి లేచింది.

మర్నాడు ఆశ్రమంలో నీలవేణి ఒక ముసలమ్మకి తల దువ్వుతుంటే ఓయికావా నవ్వుకుంటూ వచ్చాడు.

"ఆదివారం కాస్త ముందుగా రాగలవా?"

"ఆదివారం రాను. నాకు పరీక్ష ఉంది."

ఓయికావా మిగతా వాక్యం కోసం ఎదురుచూశాడు. అది నీలవేణి గొంతు దాకా వచ్చి ఉంది, క్షమాపణలతో సహా. నడుం దానంతటదే వంగిపోతోంది. పళ్ళు బిగించి నిటారుగా నిలబడింది. ముసలమ్మ అద్దంలోంచి ఇద్దర్నీ చూస్తోంది.

"అలాగా," అన్నాడు ఓయికావా చివరికి. గోడ మీది బోర్డు దగ్గరికెళ్ళి ఆమె పేరు చెరిపి, అక్కడ తన పేరు రాసుకున్నాడు.

"ఈ మాట ముందే చెప్పొద్దూ?" అన్నాడు.

నీలవేణి క్షమించమనలేదు. ముసలమ్మ జుట్టుకి మళ్ళీ పాపిడి తియ్యసాగింది.