గాలిలో బిగించిన బోల్టులు

చిదంబరయ్య గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు చెప్పులు వేసుకునేవారు. జవాబు తన నోట్లో ఉండదనీ, ఊళ్ళో ఎక్కడో ఉంటుందనీ, వెళ్ళి చూసి రావాలనీ ఆయన నమ్మకం. భక్తి అంటే ఏమిటని అడిగిన ఒక బ్యాంకు ఉద్యోగిని మిట్టమధ్యాహ్నం ఉప్పు మడుల దాకా నడిపించి తీసుకొచ్చారు. పాపం ఆ పెద్దమనిషికి భక్తి సంగతి ఎంతవరకు తెలిసిందో గాని, అరికాళ్ళు మాత్రం బొబ్బలెక్కాయి. బాపట్లలో ఆదివారం ఉదయాలు ఆయన అరుగు మీద ఉపనిషత్తులు చదువుకునే పదిమందికీ ఈ సంగతి తెలుసు. అందుకే ఎండాకాలంలో ఎవరూ ఏమీ అడిగేవారు కాదు, బుద్ధిగా పాఠం విని ఇళ్ళకు పోయేవారు.

అలాంటిది, వైశాఖంలో ఒక ఆదివారం పాఠం అయిపోయి అందరూ లేచాక కోదండపాణి కదలకుండా కూర్చున్నాడు. ఆయన జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాడు. నలభై దాటినవాడు, ఊరికే నోరు విప్పే రకం కాదు.

"గురువుగారూ, ఒక ఏడాది మీ దగ్గర ఉండిపోనివ్వండి," అన్నాడు. "నా మనసు బొత్తిగా బలహీనమైపోయింది. ఇక్కడ, ఏ గొడవా లేని చోట కూర్చుని దాన్ని గట్టిపరచుకుంటాను. గట్టిపడ్డాక ఇంటికి వెళ్ళి నా భారం నేను మోస్తాను. అది తప్పా?"

ఆయన భారమన్నది ఏమిటో గురువుగారికి తెలుసు. కోదండపాణి కూతురు ఇందుమతికి పదకొండేళ్ళు. పుట్టుకతోనే ఆ పిల్ల ఎముకలు పెళుసు. తుమ్మితే పక్కటెముక విరిగిన రోజు ఉంది, దుప్పటి కాలికి చుట్టుకుని పాదం విరిగిన రోజూ ఉంది. మూడు నెలలకొకసారి గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళి ఎముకలకు బలమిచ్చే మందు ఎక్కించాలి. అక్కడికి యాభై కిలోమీటర్లు. ఆ యాభై కిలోమీటర్ల గతుకుల కోసమే కోదండపాణి ఇరవై రెండేళ్ళ నాటి పెద్ద విదేశీ కారు కొన్నాడు. ఒకప్పుడు ఏ మిల్లు యజమానో దర్జాగా తిరిగిన బండి అది. సోఫా లాంటి సీట్లు, పొడవాటి ఒళ్ళు, అంతా బాగానే ఉంది గాని, కింద స్ప్రింగులు కుంగిపోయి, షాక్ అబ్జార్బర్లు నూనె కక్కి చచ్చిపోయి ఉన్నాయి. వాటి స్థానంలో దొరికేవాటిలోకెల్లా మేలైనవి వేయించాలని ఆయన రెండు నెలలు చదివి, ఆ కారు ఉన్నవాళ్ళందరినీ అడిగి, మెత్తగా నడిపించే రకం ఎంచుకుని, విదేశం నుంచి తెప్పించాడు. పట్నంలో అద్దాల గోడల వర్క్‌షాపులో, బండిని అమాంతం తలపైకి ఎత్తే లిఫ్టు ఉన్న చోట, దగ్గర నిలబడి బిగింపించుకున్నాడు. కన్నతండ్రి అంతకంటే ఏం చేస్తాడు?

ఆ కొత్త స్ప్రింగుల మీద వెళ్తుండగానే, పొన్నూరు దాటాక ఒక చిన్న కల్వర్టు దగ్గర, చక్రం దడేలుమంది. ఆయన నెమ్మదిగానే పోనిస్తున్నాడు. అయినా వెనక సీట్లోంచి చిటుక్కుమన్న చప్పుడు ఆయన చెవిన పడింది. ఇందు మెడ కింది ఎముక విరిగింది. ఇది జరిగి రెండు నెలలు. ఎముక అతికింది, కట్టు విప్పి వారమైంది. ఆయన మాత్రం ఆ రోజు నుంచి స్టీరింగు ముట్టుకోలేదు. కారు మీద పట్టా కప్పేశాడు. పిల్లను ఎత్తుకోవడమూ మానేశాడు. మళ్ళీ మందు ఎక్కించే రోజు నెల రోజుల్లో ఉంది. బావమరిది వచ్చి తీసుకెళ్తానన్నాడు. తాను ఇంట్లో లేకపోవడమే పిల్లకు క్షేమమని కోదండపాణి నిశ్చయించుకున్నాడు.

చిదంబరయ్య గారు తప్పనీ ఒప్పనీ అనలేదు. "ఆ కారు సుభానీకి చూపించావా?" అని అడిగారు.

కోదండపాణి తెల్లబోయాడు. సుభానీ మేస్త్రి షెడ్డు తన వీధి చివరే, రైలు గేటు పక్కన ఉంది. ట్రాక్టర్లు, ఇసుక లారీలు, ఆటోలు బాగుచేస్తాడు. "ఆయన ట్రాక్టర్ల మేస్త్రి గదండీ. ఇది విదేశీ బండి," అన్నాడు. గురువుగారు అప్పటికే చెప్పుల్లో కాళ్ళు దూర్చారు.

పట్టా తీసి, కారును షెడ్డు దాకా సుభానీయే నడిపాడు. అరవై ఏళ్ళ మనిషి, బక్కపలచన, సగం నెరిసిన గడ్డం. నడిపింది నిండా వంద గజాలు లేదు. దిగుతూనే మొహం చిట్లించాడు. "ఇదేంది మాస్టారూ, ఇంత ఖరీదు బండి ఎడ్లబండి లెక్క కొడతాంది!" అన్నాడు. అతని షెడ్డులో లిఫ్టు లేదు. నేలలో తవ్విన గుంత ఉంది, నిలువెత్తు లోతు. కారును గుంతకు అటూ ఇటూ చక్రాలు వచ్చేలా నిలిపి, తలమీది టోపీ తీసి గట్టు మీద పెట్టి, దీపం పట్టుకుని కిందికి దిగాడు.

"సార్, సామాను బంగారం," అన్నాడు లోపల్నుంచి. "స్ప్రింగులు గాని, షాకబ్జర్లు గాని, వంక పెట్టే పని లేదు. వాటిని పని చెయ్యనియ్యట్లేదు, అదీ సంగతి. ఇట్టా రండి."

కోదండపాణి లాల్చీ మడిచి గుంతలోకి దిగాడు. తన కారును అడుగు నుంచి చూడడం ఆయనకు అదే మొదటిసారి. చక్రాన్ని బండికి కలిపే ఇనప చేయి ఉంటుంది, అది పైకీ కిందికీ ఆడేచోట రబ్బరు బుష్షు ఉంటుంది. సుభానీ దాని మీద వేలు పెట్టి చూపించాడు. రబ్బరు పిండిన గుడ్డలాగా మెలి తిరిగి ఉంది.

"లిఫ్టు ఎక్కించారా బండిని?"

"ఆఁ. చాలా పెద్ద లిఫ్టు."

"అదే కొంప ముంచింది. బండి గాల్లో ఉంటే చక్రాలు కిందకి వేలాడతయ్. వేలాడతా ఉండగానే బోల్టులన్నీ గట్టిగా బిగించేశారు. కిందకి దించారు, బరువు పడింది, చెయ్యి పైకొచ్చింది. రబ్బరు మాత్రం బిగించిన కాడే పట్టుకుని మెలి తిరిగిపోయింది. బండి నేల మీదకొచ్చి ఇన్నాళ్ళైనా దీనికి తెలవదు సార్. ఇంకా గాల్లోనే ఉన్నాననుకుంటాంది. గతుకు రాంగానే స్ప్రింగు లొంగబోద్ది, ఇది లొంగనియ్యదు. ఆ దెబ్బంతా పైనున్నోళ్ళకే."

కోదండపాణి గుంత గోడకు ఆనుకున్నాడు. రెండు నెలలుగా ఆయన తన చేతుల్ని తిట్టుకుంటున్నాడు, తన కళ్ళను తిట్టుకుంటున్నాడు. విరిగిన ఎముక వెనక ఇంత చిన్న బోల్టు ఉందని ఆయనకు తట్టనేలేదు. ఏడుపొచ్చింది. మెకానిక్ ఎదుట ఏడవడమేమిటని మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

సుభానీ పానా పెట్టి మొదటి బోల్టు వదులు చేశాడు. టక్కుమంటూ రబ్బరు తన మెలి తనే విప్పుకుంది. రెండోది, మూడోది. ఒక్కొక్కటీ వదిలేకొద్దీ అంత పెద్ద కారూ మూలుగుతూ, కదులుతూ, నాలుగు చక్రాల మీద కుదురుకుంది. బయట నిలబడ్డ గురువుగారు కూడా "ఓహో!" అన్నారు. ఇనుములో ఇంత బాధ ఉంటుందా అనుకున్నాడు కోదండపాణి.

ఇక బిగించడమేగా అనుకుంటే, సుభానీ గుంతలోంచి తల బయట పెట్టి, "ఈ బండిలో రోజూ ఎవరెవరు కూర్చుంటారు? వాళ్ళని పిలిపించండి," అన్నాడు. లారీ అయితే ఎప్పుడూ మోసేంత ఇసుక పోయించి, ట్రాక్టరు ట్రాలీ అయితే బస్తాలు వేయించి, అప్పుడు గాని అతను కడపటి బిగింపు బిగించడు. మనుషుల బండికి మనుషులు కావాలంటాడు. అంతవరకు బోల్టులు చేత్తో తిప్పి ఊరుకుంటాడు. ఊళ్ళో తొందరపడే డ్రైవర్లందరూ ఈ చాదస్తానికి అతన్ని తిట్టుకునేవాళ్ళే.

కోదండపాణి భార్య హైమావతి పిల్లను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, సిమెంటు రోడ్డు మీద మెల్లగా తోసుకుంటూ వచ్చింది. సుభానీ పైకొచ్చి టోపీ పెట్టుకుని, కారు నాలుగు మూలలూ పట్టి ఊపి, బండి తనంతట తాను కుదురుకున్నాక, "ఇప్పుడు ఎవరి జాగాలో వాళ్ళు కూర్చోండి," అని, మళ్ళీ టోపీ తీసి గట్టు మీద పెట్టి గుంతలోకి దిగాడు. హైమావతి వెనక కుడిపక్కన కూర్చుంది. ఇందును ఆమే ఎత్తుకుని ఎడమపక్కన దిండ్ల మధ్య కూర్చోబెట్టింది. కోదండపాణి నిలబడే ఉన్నాడు.

"ఏమండీ, మీరు?" అంది హైమావతి. ఆ రెండు నెలల్లో ఆమె ఆయన్ని ఏమీ అడగలేదు. అడిగింది ఆ ఒక్క మాటే.

"సార్, తవరు ముందు సీట్లో లేకపోతే లెక్క తప్పుద్ది," అన్నాడు సుభానీ కిందనుంచి. లెక్కల మేష్టారు గనక ఆ మాటకు తిరుగు లేకపోయింది. ఎక్కి కూర్చున్నాడు. స్టీరింగు మీద చేతులు వేయలేదు, తొడల మీద పెట్టుకున్నాడు.

"ఎవరూ కదలబాకండి. పాప ఎంత బరువుంటది?"

"పందొమ్మిది కిలోలు తాతా!" అని ఇందు తనే అరిచింది.

"భేష్. అది చాలు."

పాదాల కింద పానా కదిలింది. ఒక్కో బోల్టు బిగుసుకునేప్పుడు ఆ బిగింపు సీటు గుండా కోదండపాణి వెన్నులోకి వచ్చింది. ముందు ఆయన వైపు, తర్వాత హైమావతి వైపు, చివర్న ఇందు కూర్చున్న మూల. ఆయన చెవి ఒగ్గి విన్నాడు. తన కూతురి పందొమ్మిది కిలోలు ఆ సీటు మీద లేకపోతే ఆ మూల సరిగ్గా బిగుసుకోదు. ఇన్నేళ్ళూ ఆ బరువును తలుచుకుని భయపడ్డాడే గాని, దానివల్ల ఒకటి కుదురుకుంటుందని ఏనాడూ అనుకోలేదు. దణ్ణం పెట్టాలనిపించింది, ఎవరికో తెలియలేదు.

"గేటు దాటి తిప్పుకు రండి," అన్నాడు సుభానీ గుంతలోంచి పైకొస్తూ.

కోదండపాణి గురువుగారి వైపు చూశాడు. ఆయన కొబ్బరాకు నీడలో బల్ల మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నారు, ఇటు చూడనే లేదు. వెనకనుంచి ఇందు, "పోనియ్యి నాన్నా," అంది. తొడల మీంచి చెయ్యి తీసి తాళం తిప్పాడు.

గేటు ఎత్తి ఉంది. పట్టాలకు అటూ ఇటూ రాళ్ళు లేచిన గతుకు, ఆ వీధిలో ఆటోలన్నీ దండం పెట్టి దాటే గతుకు. గతుకు దూరాన కనబడితే చాలు, ఇందు మాట ఆపేసేది. కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి, తల్లి వేలు పట్టుకునేది. ఆ నిశ్శబ్దం వీపుకు తగలడం కోదండపాణికి బాగా తెలుసు. దానికోసమే మెడ బిగబట్టుకుని ఎదురు చూశాడు.

"అమ్మా, ఆ తాత గుంతలో దిగేప్పుడు టోపీ తీసి గట్టు మీద పెట్టాడు చూశావా, నూనె అంటుకుంటుందని, మరి గడ్డానికి అంటుకుంటే ఏం చేస్తాడు, గడ్డం తీసి గట్టు మీద పెట్టలేడుగా?" అంటోంది ఇందు. ముందు చక్రాలు పట్టాలెక్కాయి. కారు ఒకసారి పైకి లేచి, మెత్తగా కిందికి కూర్చుని, ఊగకుండా ఆగింది. వెనక చక్రాలూ అంతే. పిల్ల మాట మధ్యలో ఎక్కడా తెగలేదు. గేటు దాటినట్టు దానికి తెలియనే తెలియదు. హైమావతి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. కోదండపాణి కళ్ళ ముందు రోడ్డు అలుక్కుపోయింది. బండి పక్కకు ఆపి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పోనిచ్చాడు.

తిరిగొచ్చి షెడ్డు ముందు దిగేసరికి సుభానీ చేతులు కడుక్కుంటున్నాడు. చిదంబరయ్య గారు గుంత అంచున నిలబడి లోపలికి తొంగి చూస్తున్నారు. కోదండపాణి ఆయన పాదాలు ముట్టుకున్నాడు. లేచి, "గురువుగారూ, నేనడిగినదానికి మీరేమీ చెప్పలేదు," అన్నాడు.

గురువుగారు గుంతలోంచి చూపు తిప్పకుండానే, "మనసు బిగించుకోవడానికి నా దగ్గరున్నది లిఫ్టేనయ్యా," అన్నారు. "ఇలాంటి గుంత లేదు."