శత్రువు చదివిన చేతిరాత

"శత్రువు మన భాష నేర్చుకుంటే దాన్ని విద్య అనాలా, వేగు అనాలా?" అని ర్యోజున్ తన గురువును అడిగాడు.

క్యోటో దగ్గర కొండవాలులో ఉన్న ఆ బౌద్ధాశ్రమంలో ఆ శత్రువెవరో అందరికీ తెలుసు. పేరు హాలండ్ బ్రూస్టర్, అమెరికా భాషాశాస్త్రవేత్త. యుద్ధం నడిచినన్నాళ్లూ జపాను సైనికుల దగ్గర దొరికిన ఉత్తరాలూ డైరీలూ చదివి తన సైన్యానికి ఆచూకీలు చెప్పినవాడు. ఇప్పుడు జపానువాళ్ల మర్యాదల మీద పుస్తకం రాస్తానంటూ రోజూ వచ్చి ధ్యానంలో కూర్చుంటున్నాడు. ర్యోజున్ వాళ్ల అన్నయ్య ఆ యుద్ధంలోనే ఏదో దీవిలో పోయాడు. బ్రూస్టర్ వంగి నమస్కరించినప్పుడల్లా ర్యోజున్‌కు ఒళ్లు మండేది.

గురువు షోకై దేనికీ సూటిగా బదులిచ్చే మనిషి కాదు. నెల్లాళ్లు బ్రూస్టర్‌ను కనిపెట్టి ఉండి, చూసిందల్లా రాసి తెమ్మన్నాడు.

ర్యోజున్‌కు కావలసిందీ అదే. ఆ మనిషి ఏం తిన్నాడో, ఎవరితో మాట్లాడాడో, ఏ మాట విని పుస్తకంలో రాసుకున్నాడో ఒక్కటీ వదల్లేదు. ప్రతి గురువారం అతను ఊళ్లోకి వెళ్లి, నేతగాళ్ల వీధిలో ఒక ఇంటి ముందు కాసేపు నిలబడి తిరిగి వచ్చేస్తున్నాడు. ఇంకేముంది, దొంగ దొరికాడనుకున్నాడు ర్యోజున్. నాలుగో గురువారం వెంటే వెళ్లి పక్కింటి కంచె చాటున నక్కాడు.

ఆ రోజు బ్రూస్టర్ తలుపు తట్టాడు. ఒక ముసలావిడ తీసింది. అతను గడప దగ్గరే తల నేలకు ఆన్చి, చిన్న డైరీ ఒకటి ఆమె ముందుంచాడు.

"మీ అబ్బాయి అడవిలో పోగొట్టుకున్నది అమ్మా. వాళ్ల దళం ఎక్కడుందో ఇందులో ఉంది. అది చదివి మావాళ్లకు చెప్పింది నేనే. మర్నాడు విమానాలు వెళ్లాయి."

ఆమె చాలాసేపు దాన్ని ముట్టుకోలేదు. చివరికి, వాడి రాత బళ్లో పంతులుగారికే అర్థమయ్యేది కాదు, మీరెలా చదివారని అడిగింది. అక్షరం అక్షరం కూడబలుక్కున్నానని, మీ గురించి రాసిన పేజీలు పదకొండున్నాయని, వాటి సంగతి ఎవరికీ చెప్పలేదని అన్నాడతను.

"నాకు చూపు ఆనదు. మీరే చదవండి" అని ఆమె పక్కకు జరిగి దారిచ్చింది.

ర్యోజున్ ఆశ్రమానికి వచ్చి, రాసిందంతా గురువు చేతికిచ్చి, చూసింది చెప్పాడు. అయినా అతని మనసు కుదుటపడలేదు. రేపు ఇదీ పుస్తకంలో పెట్టుకోవడానికే చేశాడేమో, ఎవరికి తెలుసన్నాడు.

షోకై కాగితాలు ఒక్కొక్కటే తిప్పుతూ ఒకచోట ఆగాడు.

"ఎడమ మోకాలు ముడిచినప్పుడల్లా పెదవి కొరుక్కుంటాడని రాశావు. రోజూ నా ఎదురుగానే కూర్చుంటాడు, నేను గమనించనేలేదు. రేపు అతనికి ఇంకో దిండు వెయ్యి" అన్నాడు.